ఇంకా ఎన్నాళ్లు వేస్తారు డాక్టరుగారూ?

మా వైపు ఎవరింట్లోనైనా పసిబిడ్డను ‘బాక్సులో పెట్టారు’ అని తెలిస్తే చుట్టాలు అడిగే ప్రశ్నలు రెండే. రోజుకి ఎంత తీసుకుంటున్నారు? మంచి ఇంజెక్షన్లు పడుతున్నాయా? మొదటిదానికి జవాబు వినగానే ‘అమ్మో’ అంటారు. రెండోదానికి ‘పెద్ద మందులే వేస్తున్నారండీ’ అని చెబితే ‘అయితే ఫర్వాలేదు’ అని స్థిమితపడతారు. పెద్ద మందు అంటే ఖరీదైనది, పేరు నోరు తిరగనిది, ఎక్కువ రోజులు పడేది. ఆ లెక్కన చిన్న మందు వేసి రెండు రోజుల్లో ఆపేసిన డాక్టరు పిల్లని సరిగ్గా చూడనట్టే.

మూడో ప్రశ్న ఒకటి ఉంది. ఆ మందు ఎప్పుడు ఆపుతారు అని. దాన్ని ఎవరూ అడగరు. మొన్న సంక్రాంతి తర్వాత మా ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాం. అప్పటినుంచీ రాద్దామనుకుంటున్నాను. పిల్ల నిద్రపోయే వేళకి నాకూ కళ్లు మూతలు పడుతుంటే ఇన్నాళ్లూ కుదరలేదు.

మా పెద్దమ్మాయికి తొలి కాన్పు. ఏడో నెలలో సీమంతం చేసి కాకినాడ తీసుకొచ్చాం. డాక్టరమ్మ చెప్పిన తేదీ ఫిబ్రవరి ఆఖరి వారం. కనుమ వెళ్లిన పది రోజులకే, ఒక రాత్రి పదింటికి, ఉమ్మనీరు పోవడం మొదలైంది. మర్నాడు సాయంత్రం ఆరు దాటాక ఆడపిల్ల పుట్టింది. 35 వారాలు, రెండు కిలోల వంద గ్రాములు. గట్టిగానే ఏడ్చింది. కానీ అరగంట తిరక్కుండానే డొక్కలెగరేస్తోందని సిస్టర్ గమనించింది. పుట్టిన పిల్లలు నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తారట. ఇది 70 దాటి తీస్తోంది. నేను పిల్ల మొహం సరిగ్గా చూసేలోపే లోపలికి తీసుకెళ్లిపోయారు.

పిల్లల డాక్టరుగారు బయటికొచ్చి మాట్లాడారు. ‘నెలలు నిండలేదు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటింది. ఊపిరి వేగంగా ఉంది. మూడూ కలిశాయి కాబట్టి రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాలి. ఉంటే గంటల్లో ముదిరిపోతుంది. అందుకని ముందు రక్తం తీసి కల్చర్‌కి పంపి, వెంటనే రెండు యాంటీబయాటిక్స్ మొదలుపెడుతున్నాను’ అన్నారు. ఆంపిసిలిన్, జెంటామైసిన్. ఎన్నో ఏళ్లుగా పసిపిల్లలకి ముందు వేసే మందులు ఇవేనట, ఖరీదు కూడా తక్కువే.

ఇది చదివేవాళ్లలో కడుపుతో ఉన్న అమ్మాయిలు, వాళ్ల తల్లులు ఉంటారు కాబట్టి ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. మొదలుపెట్టడం గురించి నాకు ఏ పేచీ లేదు. పసిబిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, కాలినా, లేపితే లేవకపోయినా, ఊపిరి ఎగరేసినా క్షణం ఆలస్యం చెయ్యకూడదు. ‘ఇంత పసిదానికి అన్ని సూదులా’ అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లని ఆ పూటకి కాఫీ తాగమని పక్కకి పంపెయ్యాలి.

నాకు రోజూ పాల లెక్క, ఇస్త్రీ లెక్క, గ్యాసు ఎప్పుడు మార్చానో రాసుకునే పుస్తకం ఒకటి ఉంది. ఎందుకు పట్టుకెళ్లానో గానీ ఆసుపత్రి సంచిలో అది కూడా వచ్చింది. అందులో రాయడం మొదలుపెట్టాను. కల్చర్‌కి రక్తం తీసింది సాయంత్రం ఏడుంబావు. మొదటి డోసు ఏడూ నలభై. సిస్టర్ లోపలినుంచి వచ్చినప్పుడల్లా ‘ఇప్పుడు ఏం వేశారమ్మా’ అని అడిగి పేరు రాసుకునేదాన్ని. మొదట్లో విసుక్కుంది. రెండో రోజుకి తనే ఆగి చెప్పేది.

కల్చర్ అంటే ఏమిటో నాకు విడమరిచి చెప్పింది మా తోటికోడలి కూతురు. విజయవాడలో ఒక ల్యాబ్‌లో మైక్రోబయాలజీ విభాగంలో పనిచేస్తుంది. రాత్రి ఫోన్ చేసి ‘పెద్దమ్మా, పెరుగు తోడుపెట్టడమే అనుకో’ అంది. గోరువెచ్చటి పాలలో తోడు పడితే తెల్లారేసరికి తోడుకుంటుంది. తోడు లేకపోతే పాలు పాలలాగే ఉంటాయి. అలాగే పిల్ల రక్తాన్ని బ్యాక్టీరియాకి ఇష్టమైన తిండి ఉన్న సీసాలో వేసి వెచ్చగా ఉంచుతారు. రక్తంలో క్రిమి ఉంటే పెరుగుతుంది. మిషను కొన్ని నిమిషాలకోసారి సీసాని చూస్తూనే ఉంటుంది, పెరగగానే గంట కొడుతుంది. నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉంటే చాలావరకు 36 గంటల్లోపే తేలిపోతుంది. 48 గంటలు గడిచినా సీసా అలాగే ఉందంటే చాలా ధైర్యంగా ఉండొచ్చు.

‘మరి తోడు సరిపోకపోతే?’ అన్నాను. వంటింటి అనుమానం.

‘అదే చెప్పబోతున్నాను. తోడు మరీ ఆవగింజంత వేస్తే తోడుకోదు కదా. రక్తం కూడా అంతే, కనీసం ఒక మిల్లీలీటరు ఉండాలి. పసిపిల్లని చూసి జాలిపడి రెండు చుక్కలు తీస్తే ఆ రిపోర్టుని నమ్మలేం. ఇంకోటి, పాలు సలసల కాగుతున్నప్పుడు తోడు వేస్తే తోడే చచ్చిపోతుంది. యాంటీబయాటిక్ పడ్డాక రక్తం తీస్తే అదే సంగతి. మీ పాపకి ముందే తీశారు కదా, అది నీ పుస్తకంలో ఉంది కదా. ఇంక నిశ్చింతగా పడుకో.’

నిశ్చింతగా పడుకోవడానికి అక్కడ ఉన్నది చెక్కబల్ల. అయినా ఆ రాత్రి కాసేపు కన్నంటుకుంది.

అదే బల్లమీద రంపచోడవరం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఏడున్నర నెలలకే బాబు పుట్టాడట. ఒక ఆసుపత్రిలో పది రోజులుంచి, అక్కడ తగ్గక ఆరోగ్యశ్రీ మీద ఇక్కడికి పంపారు. మా పిల్ల పక్క వార్మర్‌లోనే ఆ బాబు. మూడు గంటలకోసారి లేచి, చేతులు కడుక్కుని, పాలు పిండి, చిన్న సీసాలో పోసి సిస్టర్‌కి ఇచ్చేది. సీసాకి తన పేరు రాసిన కాగితం అంటించి ఫ్రిజ్‌లో పెట్టేవారు. మా అమ్మాయికి పాలు పిండడం నేర్పింది కూడా తనే. పెద్దగా మాట్లాడేది కాదు. ‘అక్కా, ఇలాక్కాదు, వెనకనుంచి నొక్కాలి’ అని చేత్తో చూపించేది.

మూడో రోజు పొద్దున్నకి మా పిల్ల ఊపిరి 50కి దిగింది. ఆక్సిజన్ తీసేశారు. గొట్టంతో ఇస్తున్న పాలు చెంచాతో మొదలుపెట్టారు, గుటకలు వేస్తోంది. ఆ సాయంత్రానికి 48 గంటలు నిండుతాయి. నా పుస్తకంలో ఆ టైము చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఏడుంబావుకి కల్చర్‌లో ఏమీ పెరగలేదని కబురొచ్చింది. మావారు స్వీట్లు తెస్తానని కిందికి దిగబోయారు కూడా.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు మాత్రం వేరే మాట చెప్పారు. ‘కల్చర్ నెగటివ్. సీఆర్‌పీ మాత్రం కొంచెం ఎక్కువుంది. సేఫ్టీ కోసం ఏడు రోజుల కోర్సు వేద్దాం. మందు కూడా మెరోపెనెమ్‌కి మారుస్తాను, అది ఇంకా పవర్‌ఫుల్.’

మా వియ్యపురాలు గుంటూరు నుంచి అప్పటికే వచ్చి ఉన్నారు. ‘మార్చండి బాబూ, డబ్బు సంగతి చూసుకోకండి’ అన్నారు వెంటనే. అల్లుడు తలూపాడు.

మా అమ్మాయి కుట్ల నొప్పితో గోడ పట్టుకుని నిలబడి ఉంది. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని చూసి అడిగింది. ‘కల్చర్‌లో ఏమీ రాలేదన్నారు. పాప బాగా తాగుతోంది, ఊపిరి దిగింది. మరి దేనికోసమండీ ఏడు రోజులు?’

సీఆర్‌పీ సంగతి మా తోటికోడలి కూతురు ముందే చెప్పింది. అది పొగ లాంటిది. పొగ కనిపిస్తే ఇల్లు అంటుకుని ఉండొచ్చు, వంటింట్లో మిరపకాయల తాలింపూ అయ్యుండొచ్చు. కాన్పు కష్టమైనా, పుట్టగానే ఊపిరికి ఇబ్బందిపడినా, ఏ ఇన్‌ఫెక్షన్ లేకుండానే పసిపిల్లల్లో అది పెరుగుతుంది. పొగ ఒక్కటే చూసి ఫైరింజన్‌ని వారం రోజులు వాకిట్లో పెట్టుకోనక్కర్లేదు.

డాక్టరుగారు వెంటనే జవాబు చెప్పలేదు. మమ్మల్ని తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు. ఆయన అక్కడ అన్న మాట నేను పుస్తకంలో రాసుకోలేదు, రాసుకోవాల్సిన పని కూడా లేదు. ‘చదువు ప్రకారమైతే ఈ సాయంత్రమే ఆపెయ్యాలమ్మా. కానీ నేను ఆపాక, వేరే ఏ కారణంతోనైనా పాప డల్ అయితే, మీవాళ్లే పదిమందిని వెంటేసుకుని వచ్చి ఎందుకు ఆపావని నా కాలర్ పట్టుకుంటారు. ఏడు రోజులు వేశాక ఏమైనా అయితే ఎవరూ ఏమీ అనరు. డాక్టరు చేయగలిగిందంతా చేశాడంటారు.’

ఆయన మీద కోపం రాలేదు నాకు. అలా కాలర్లు పట్టుకోవడం మన ఊళ్లలో చూడనిదా? అద్దాలు పగలగొట్టడం కూడా చూశాం. ఆ మందు పిల్ల కోసం కాదు, మనకి భయపడి వేస్తున్న మందు. మనమంతా ‘మంచి ఇంజెక్షన్లు పడుతున్నాయా’ అని అడిగి అడిగి రాయించిన మందు.

అయితే భయం ఆయన ఒక్కడిదే కాదు. మేం క్యాంటీన్‌లో కూర్చున్నాం. నేనూ మా అమ్మాయీ ఒక పక్క, వదినగారూ అల్లుడూ ఒక పక్క, మావారు ఎప్పట్లాగే మధ్యలో. వదినగారు ఇడ్లీ ముట్టుకోలేదు. కాసేపటికి అన్నారు. ‘వదినగారూ, మీ అల్లుడికంటే ముందు నాకొక మగపిల్లాడు. తొమ్మిదో రోజున పోయాడు. పొద్దున పాలు తాగలేదు, మధ్యాహ్నానికి నీలం తిరిగాడు. మా ఊళ్లో సూది వేసేవాడే లేడు. బస్సెక్కి టౌనుకి వెళ్లేసరికి నా ఒళ్లోనే చల్లబడిపోయాడు. మందు దొరికాక కూడా వద్దనడం నాకు చేతకాదు.’

నాకా సంగతి అప్పటిదాకా తెలియదు. పెళ్లై మూడేళ్లయిన మా అమ్మాయికీ తెలియదు. ఇంక దానిమీద సీఆర్‌పీలూ తాలింపులూ ఎవరు మాట్లాడతారు? ఎవరం ఏమీ మాట్లాడలేదు.

అల్లుడే లేచి డాక్టరుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన వచ్చి వదినగారి పక్కన కూర్చున్నారు. ఆవిడ చేత చేతులు కడిగించి, లోపలికి తీసుకెళ్లి పిల్లని చూపించారు. వాచీ ఇచ్చి ‘మీరే లెక్కపెట్టండమ్మా, నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట లేస్తోందో’ అన్నారు. ఆవిడ లెక్కపెట్టారు. 48. పిల్ల చెంచాతో పాలు తాగడం చూశారు. అప్పుడు ఆయన చెప్పారు. ‘మీ బాబుకి మందు దొరక్క పోయాడు. ఈ పాపకి సమయానికి మందు వేశాం. అవసరం లేదని తేలింది. చేతికి పెట్టిన కాన్యులా తియ్యను. రేపు సాయంత్రం దాకా ఇక్కడే కళ్లముందు ఉంచుతాను. ఏమాత్రం తేడా కనిపించినా అరగంటలో మళ్లీ మొదలుపెడతాను.’

వదినగారు సరేననలేదు, వద్దనలేదు. ‘రాత్రి నేను ఈ అద్దం దగ్గర కూర్చోవచ్చా?’ అని అడిగారు. కూర్చున్నారు. తెల్లవార్లూ కూర్చుని, గంటకోసారి లోపలికి వెళ్లి వాచీ చూసి లెక్కపెట్టారు. నా పుస్తకంలో ఆ పేజీ అంతా ఆవిడ చేతిరాతే. 46, 50, 44, 48, 52 దగ్గర కొట్టేసి మళ్లీ 47. ఆ పేజీని చింపకుండా పిల్ల పెద్దయ్యాక చూపించాలి.

మర్నాడు సాయంత్రం కాన్యులా తీసేశారు.

తర్వాత పిల్ల పడుకున్నప్పుడల్లా ఫోన్‌లో వెతికి వెతికి చదివాను. తెలియనివి మా తోటికోడలి కూతుర్ని అడిగాను. పాపం, ఆ పిల్ల నా ఫోన్ చూస్తేనే భయపడే స్థితికి వచ్చింది. మాకు జరిగినదే అన్నిచోట్లా జరుగుతోందని అర్థమైంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో 127 ఎన్ఐసీయూల 2013 లెక్కలు తీశారు. పిల్లలు ఆసుపత్రిలో గడిపిన ప్రతి వంద రోజుల్లో యాంటీబయాటిక్ పడిన రోజులు ఒకచోట రెండున్నర కూడా లేవు, ఇంకోచోట 97. నలభై రెట్ల తేడా! ఆ తేడాకి తగ్గట్టు ఇన్‌ఫెక్షన్లలో తేడా ఉందా అంటే లేదు. అంటే జబ్బుని బట్టి కాదు, ఆసుపత్రి అలవాటుని బట్టి వేస్తున్నారన్నమాట. అదే దేశంలో డాలస్‌లోని ఒక పెద్ద ఎన్ఐసీయూలో ఒక చిన్న మార్పు చేశారు. అనుమానంమీద మొదలుపెట్టిన మందు 48 గంటలకి కంప్యూటర్లో దానంతట అదే ఆగిపోతుంది. కొనసాగించాలంటే డాక్టరు కూర్చుని మళ్లీ రాయాలి. దాంతోపాటు కల్చర్‌లో ఏమీ రాని కేసులకి అయిదు రోజులు చాలన్నారు. మందు వాడకం 27 శాతం తగ్గింది. పిల్లలకి ఏ కీడూ జరగలేదు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి.

ఇంకా పాత కథ ఒకటి చదివి నిద్రపట్టలేదు. 1959లో లాస్ ఏంజెలెస్ వైద్యులు ప్రచురించారు. మా అమ్మాయికి లాగే ఉమ్మనీరు ముందుగా పోయి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ వేసేవారు. అందులో క్లోరాంఫెనికాల్ ఒకటి, ఆ రోజుల్లో అది పెద్ద మందు. ఏ మందూ వెయ్యని పిల్లలు అయిదుగురిలో ఒకరు పోతే, అది వేసిన పిల్లలు అయిదుగురిలో ముగ్గురు పోయారు. పసివాళ్ల కాలేయం దాన్ని అరిగించుకోలేక ఒళ్లు బూడిదరంగుకి తిరిగేదట. ఇప్పుడు వాడుతున్న మందులు అలాంటివి కావు, భయపడకండి. కానీ ‘వేస్తే మంచిదే కదా, పోయేదేముంది’ అనే మాట పసిపిల్లల దగ్గర చెల్లదు. జెంటామైసిన్ ఎక్కువైతే వినికిడికి, కిడ్నీకి ఇబ్బంది. అందుకే పంపించే ముందు చెవుల పరీక్ష చెయ్యమని అడిగి చేయించాం. కిలో కూడా లేని మరీ చిన్న పిల్లల్లో, కల్చర్‌లో ఏమీ రాకపోయినా అయిదు రోజులు, అంతకుమించి మందు పడినవాళ్లకి పేగు కుళ్లే జబ్బు, మరణం ఎక్కువని 2009లో అమెరికాలో గమనించారు. పుట్టిన బిడ్డ పొట్టలో తల్లి నుంచి, తల్లిపాల నుంచి చేరాల్సిన మంచి బ్యాక్టీరియాని కూడా ఈ మందులు ఊడ్చేస్తాయి మరి.

ఇదంతా మన పిల్ల సంగతి. పక్క వార్మర్ సంగతి చెప్పాలి.

మా కాన్యులా తీసిన రోజునే ఆ బాబు కల్చర్ రిపోర్టు వచ్చింది. వాడి సీసాలో క్రిమి పెరిగింది. క్లెబ్సియెల్లా. రిపోర్టులో మందుల పేర్లన్నీ వరసగా రాసి, పనిచేస్తే ‘ఎస్’, పనిచెయ్యకపోతే ‘ఆర్’ అని పెడతారు. ఆ అమ్మాయి కాగితం తెచ్చి ‘అక్కా, ఇందులో ఏముంది’ అని మా అమ్మాయికి ఇచ్చింది. పైనుంచి కిందిదాకా ఆర్, ఆర్, ఆర్. మాకు వెయ్యబోయిన మెరోపెనెమ్ దగ్గర కూడా ఆర్. చివర్లో కొలిస్టిన్ ఒక్కదాని దగ్గర దారి ఉంది. అది ఇంకేదీ పనిచెయ్యనప్పుడు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ దాచిపెట్టమన్న మందు. అదే మొదలుపెట్టారు.

డాక్టరుగారిని అడిగాను, అంత మొండి క్రిమి అంత చిన్నవాడికి ఎక్కడినుంచి వచ్చిందని. ‘అది వాళ్ల అడవిలోంచి వచ్చింది కాదమ్మా. ఆసుపత్రుల్లో పెరిగింది’ అన్నారు. వార్డులో మందు పడినప్పుడల్లా మెత్తటి క్రిములు చచ్చి మొండివి మిగులుతాయి. మిగిలినవి సింకులో, గొట్టంమీద, మన చేతులమీద కాచుకుని ఉంటాయి. మా పిల్లకి అవసరం లేని మెరోపెనెమ్ ఏడు రోజులు పడి ఉంటే అది మా పిల్లతోనే ఆగేది కాదు.

ఢిల్లీలో 2011 నుంచి 2014 దాకా మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టి ఎన్ఐసీయూలో చేరిన 13,530 మంది పిల్లల్ని గమనించి ఒక అధ్యయనం చేశారు. వందలో 14 మందికి రక్తంలో ఇన్‌ఫెక్షన్ అని తేల్చారు, వాళ్లలో కల్చర్‌లో క్రిమి పెరిగింది ఆరుగురికే. దొరికిన అసినెటోబ్యాక్టర్ క్రిముల్లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం చాలా రకాల మందులకి లొంగనివి. మూడింట రెండు వంతుల ఇన్‌ఫెక్షన్లు పుట్టిన మూడు రోజుల్లోపే వచ్చాయి. అంటే ఆ పిల్లలకి ఇంటిగాలి తగలకముందే.

ఆ బాబు కొలిస్టిన్ మొదలుపెట్టిన నాలుగో రోజు తెల్లవారుజామున పోయాడు. మేం అప్పటికి కింద వార్డులోకి మారాం. మా అమ్మాయి పాలు ఇవ్వడానికి పైకి వెళ్తే ఆ అమ్మాయి ఫ్రిజ్ దగ్గర నిలబడి ఉందట. తన పేరున్న సీసాలు రెండు మిగిలాయి. ‘వీటినేం చెయ్యాలి’ అని సిస్టర్‌ని అడుగుతోందట. సిస్టర్‌కి జవాబు రాలేదు. మా అమ్మాయి వెళ్లి పట్టుకుంది. ఇద్దరూ ఎంతసేపు అలా ఉన్నారో తెలియదు. వాళ్ల ఆయన బాబుని టవల్లో చుట్టుకుని ముందు నడిచాడు, తను వెనక నడిచింది. వాళ్ల బండి వెళ్లేదాకా మావారు గేటు దగ్గర నిలబడ్డారు.

మా పిల్ల ఇంకో అయిదు రోజులు కింద వార్డులో ఉంది, బరువు పెరిగేదాకా. అక్కడ ‘కంగారూ మదర్ కేర్’ అని బోర్డు ఉంటుంది. మావారు దాన్ని చూసి ‘కంగారు పడే తల్లులకి వేరే గదా?’ అన్నారు. ఆ వారంలో మేం నవ్వింది అప్పుడొక్కసారే. పిల్లకి డైపరు, టోపీ మాత్రం ఉంచి తల్లి గుండెమీద, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టేస్తారు. కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో, ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు ఉన్న పిల్లలకి పుట్టగానే ఇది మొదలుపెట్టి చూస్తే, మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది, రక్తంలో ఇన్‌ఫెక్షన్లు కూడా తగ్గాయి. మా అమ్మాయికి నడుం లాగేస్తే వదినగారు కూర్చునేవారు పిల్లని గుండెకి కట్టుకుని. ఆవిడ చీర కొంగు కప్పుకుని కళ్లు మూసుకుని కూర్చుంటే నేను ఆ వైపు చూసేదాన్ని కాదు.

గాజుల సంగతి మర్చిపోయాను. సీమంతానికి మా అమ్మాయికి రెండు చేతులా నిండా గాజులు వేయించాం కదా. లోపలికి వెళ్లే ముందు గాజులు, ఉంగరాలు, వాచీ అన్నీ తీసి మోచేతులదాకా సబ్బుతో కడగాలి, వాటి కింద క్రిములు దాక్కుంటాయని సిస్టర్ మొదటిరోజే చెప్పింది. పచ్చి బాలింత చేతులు బోసిగా ఉండడమేమిటని ఎవరికైనా మనసు పీకుతుంది. అమ్మాయి సబ్బునురగతో ఒక్కొక్కటీ తీసి నా చీర కొంగులో పోసింది. వదినగారు తన బంగారు గాజులు కూడా తీసి పర్సులో పడేశారు. ఏ మందుకీ లొంగని క్రిమి కూడా సబ్బుకీ నీళ్లకీ కొట్టుకుపోతుందట. దానికి పైసా ఖర్చు లేదు. చూడ్డానికి వచ్చిన పిన్నులూ అత్తయ్యలూ బుగ్గలు పుణకడానికి చెయ్యి చాపినప్పుడు మాత్రం కాస్త మొహమాటం ఖర్చవుతుంది.

మా చిన్నమ్మాయికి ఇప్పుడు నాలుగో నెల. నిన్న ఫోన్ చేసి ‘అమ్మా, ఆ పుస్తకంలో ఉన్నది నాకు కూడా చెప్పు’ అంది. చెప్పాను. మందు పడకముందే కల్చర్‌కి రక్తం తీశారా, సరిపడా తీశారా అని అడుగు. రిపోర్టు ఏ రోజు ఏ గంటకి వస్తుందో రాసుకో. అందులో ఏమీ లేకపోయి, బిడ్డ తాగుతూ కదులుతూ ఉంటే, ఇంకా ఎన్నాళ్లు వేస్తారు, దేనికోసం వేస్తారు అని మర్యాదగా అడుగు. డాక్టరు ‘కల్చర్ నెగటివే అయినా పాప వాలకం నాకు నచ్చలేదు, వెయ్యాలి’ అంటే వెయ్యనివ్వు, రిపోర్టుకంటే పిల్లని చూసే కళ్లు ముఖ్యం. కల్చర్‌లో క్రిమి పెరిగితే మాత్రం పూర్తి కోర్సు పడాల్సిందే, అప్పుడు ఒక్క డోసు కూడా తప్పకూడదు. ఆపుతానని డాక్టరు అంటే, మీ అత్తగారినీ మావగారినీ పక్కన కూర్చోబెట్టుకుని, మేమందరం విన్నాం, మేం మీ పక్కనే ఉంటాం అని ఆయనకి వినపడేలా చెప్పు.

‘అంతేనా?’ అంది.

‘వాచీ కూడా పెట్టుకెళ్లు’ అన్నాను.

ఈలోగా గుంటూరు నుంచి వదినగారి ఫోన్. పిల్లకి రెండు రోజులుగా జలుబు అని విన్నారట. మందుల షాపతను ఏదో సిరప్ ఇస్తానన్నాడని మావారు చెప్పారట. ‘ఆ సిరప్ యాంటీబయాటిక్కా కాదా, దేనికోసం ఇస్తున్నాడో కనుక్కున్నారా వదినగారూ?’ అని అడుగుతున్నారు. కనుక్కున్నాను. కొనలేదు. ముక్కులో రెండు చుక్కలు సెలైన్ వేశాను, పిల్ల తుమ్మి, పాలు తాగి, ఇప్పుడే పడుకుంది.